గాండీవ పరీక్ష: జయాపజయముల కారణ విచారము

కార్యము జరిగిన పిమ్మట దానికి కారణము వెదకుట మనుష్య స్వభావము. పంట పండినను ఎండినను, పిల్లవాడు పరీక్షలో నెగ్గినను తప్పినను, ఇంటివారును ఊరివారును మొదట వేసికొను ప్రశ్న ‘ఎందుకిట్లు జరిగినది?’ అనునదే. ఈ ప్రశ్నకు మనుష్యుడు తన విషయమున చెప్పుకొను సమాధానము రెండు తీరులుగా నుండును. గెలిచినప్పుడు చెప్పునది ఒకటి. ఓడినప్పుడు చెప్పునది వేరొకటి. ఈ భేదమును తెలుగువారు బహుకాలము క్రిందటనే గుర్తించిరి. శాస్త్రముగా వ్రాయలేదు గాని సామెతలుగా చెప్పుకొనిరి.

ఆడలేక మద్దెల ఓడన్నారనుట ఓడినవాని తీరు. లోపము కాలిలో నున్నది. నింద మద్దెలపై బడినది. ఏరు దాటువరకు ఓడ మల్లయ్య, దాటిన పిదప బోడి మల్లయ్య యనుట గెలిచినవాని తీరు. గట్టు చేరినవానికి తన కాళ్లు మాత్రమే గుర్తుండును, పడవవాడు గుర్తుండడు. ఈ రెండును పరిహాసములు. మూడవ సామెత మాత్రము వీనికంటె లోతైనది: కర్ణుని చావుకు కారణములు అనేకము. ఇది వట్టి పరిహాసము కాదు. కర్ణునకు నిజముగనే గురుశాపము కలదు, బ్రాహ్మణశాపము కలదు. కవచకుండలముల దానము, కుంతి కిచ్చిన మాట, ఘటోత్కచునిపై వ్యయమైన శక్తి, శల్యుని సారథ్యము కూడ కలవు. ఓటమికి చెప్పిన కారణములన్నియు సాకులే యని త్రోసివేయువాడు కర్ణునకు అన్యాయము చేసినవాడగును.

కావున విచార్యమైన విషయ మిది: ఏది కారణము, ఏది సాకు? రెండును ఒకే మాటలతో చెప్పబడును. చెప్పువాని కంఠస్వరములోను భేద ముండదు. అట్టియెడ వీనిని వేరుచేయు గీటురాయి యేది? ఆ గీటురాయి మన భారతములోనే కలదనియు, దానిని ప్రాణహిత తీరమునందలి మన తెలుగు పల్లెల బ్రతుకునకు అన్వయించి చూచుట అవసరమనియు నిరూపించుటయే ఈ వ్యాసముయొక్క ఉద్దేశము.

1. భారతమున ముగ్గురు

జయాపజయములను గూర్చి మాటలాడువారు భారతమున పెక్కుమంది కలరు. వారిలో ముగ్గురిని మాత్ర మిచ్చట గ్రహింపవచ్చును.

మొదటివాడు ధృతరాష్ట్రుడు. సంజయుడు యుద్ధవార్త తెచ్చినప్పుడెల్ల ఆ వృద్ధరాజు దైవమే బలవత్తరమని వగచును. సంజయు డా మాటను అంగీకరింపడు. జూదము నాడును, రాయబారము నాడును మాన్పగలిగియు మాన్పని రాజునకు ఇప్పుడు దైవమును నిందించు నధికారము లేదని నిష్ఠురముగనే పలుకును. నీరు వెడలిపోయిన పిదప కట్ట కట్టినట్లున్నదని మూలభారతపు ద్రోణపర్వమున అతడా విలాపమును ఆక్షేపించెను. ఈ ఉపమానమును పాఠకులు జ్ఞప్తియందుంచుకొందురు గాక; ముందు దానితో పని గలదు. ఇచ్చట గమనింపదగిన దేమనగా, పాచికలు తనవారికి అనుకూలముగా పడుచున్నప్పుడు ధృతరాష్ట్రుడు దైవమును తలచినవాడు కాడు. గెలుపెవరిదని ఆత్రముతో మరల మరల అడిగినవాడు. గెలుపునాడు లెక్కకు రాని దైవము ఓటమినాడు అన్నింటికిని కర్త యైనది.

రెండవవాడు ధర్మరాజు. యుద్ధము గెలిచినవాడు. లోకరీతి ననుసరించినచో విజయము తన ధర్మబలము వలన కలిగినదని చెప్పుకొనవలసినవాడు. కాని శాంతిపర్వారంభమున అతడు చేసినది దానికి విరుద్ధము. బంధునాశమునకు తన రాజ్యలోభమే హేతువని తన్ను దాను నిందించుకొని అడవికి పోదునన్నాడు. ఇదియు పూర్ణసత్యము కాదు. అందువలననే వ్యాసాదులు కాలముయొక్క పాత్రను చూపి అతనిని తేర్చిరి. ఓడినవానికి దైవము వలదని సంజయుడును, గెలిచినవానికి దైవము గుర్తుండవలెనని వ్యాసుడును చెప్పుట భారతకవియొక్క సమదృష్టి. ఒకే సిద్ధాంతమును ఇద్దరికి ఉపదేశింపక, ఎవరి కేది కొరతయో వారికి దానిని చెప్పించినాడు.

మూడవవాడు అర్జునుడు. ఇతని కథయే ఈ విచారమునకు మూలాధారము. కృష్ణనిర్యాణానంతరము ద్వారక స్త్రీలను వెంటబెట్టుకొని వచ్చుచుండగా త్రోవలో ఆభీరులు పైబడిరి. కురుక్షేత్రమున నిలిచిన వీరుడు దారిదోపిడికాండ్రను అడ్డగింపలేకపోయెను. గాండీవము ఎక్కుపెట్టుటయే కష్టమైనది, అస్త్రములు స్ఫురింపలేదు, అక్షయములైన బాణములు క్షయమైనవి. మౌసలపర్వమున నున్న ఈ వృత్తాంతము భాగవత ప్రథమస్కంధమున మరింత తీవ్రముగా వచ్చినది. అదే విల్లు, అవే బాణములు, అదే రథము, అదే రథికుడు. ఒక్క కృష్ణుడు లేనందున అన్నియు వ్యర్థములైనవని అర్జునుడు అన్న యెదుట చెప్పుకొని దుఃఖించును.

దీనిని భక్తిపరముగా వ్యాఖ్యానించుట సంప్రదాయము; అది యుక్తమే. కాని ఇందు తర్కవిషయ మొకటి కూడ నిగూఢమై యున్నది. రెండు ఘటనలలో అన్నియు సమానములై ఒక్కటి మాత్రము వేరైనచో, ఫలభేదమునకు ఆ ఒక్కటియే కారణము. పాశ్చాత్య తార్కికుడు జాన్ స్టూఅర్ట్ మిల్ 1843లో ప్రకటించిన తర్కగ్రంథమున దీనిని వ్యతిరేక పద్ధతిగా నిరూపించెను. అర్జునునకు అది శోకమునుండి లభించినది. అంతకంటె ముఖ్య మేమనగా, అతడు తన ఓటమికి కారణము వెదకుచు తన గెలుపుయొక్క కారణమును కనుగొన్నాడు. కురుక్షేత్రమున లెక్కకు రానిది ఆభీరుల యెదుట కనబడినది. దీనికి గాండీవ పరీక్ష యని పేరు పెట్టవచ్చును: విల్లు మారనప్పుడు మారిన దేది?

2. ఆధునికుల పరిశోధన

మనశ్శాస్త్రజ్ఞులు ఈ విషయమును ప్రత్యేకశాఖగా పరిశీలించుట ఇరువదవ శతాబ్దిలో జరిగినది. ఫ్రిట్జ్ హైడర్ 1958లో ప్రకటించిన గ్రంథమున, సామాన్యుడు కారణములను వ్యక్తిలోపల నున్నవిగాను, వెలుపల నున్నవిగాను విభజించు తీరును వివరించెను. పిదప బెర్నార్డ్ వైనర్ జయాపజయములకు జనులు చెప్పు కారణములను ముఖ్యముగ నాలుగుగా ఏర్పరచెను: శక్తి, ప్రయత్నము, పనియొక్క కాఠిన్యము, అదృష్టము. మన పెద్దలు బుద్ధి, కృషి, కాలము, రాత యని వ్యవహరించునవి ఇంచుమించుగా ఇవియే.

దక్షిణభారతమునకు సంబంధించిన పరిశోధనలు రెండు ఇచ్చట స్మరింపదగినవి. 1974లో టేలర్, జగ్గీ అను పరిశోధకులు దక్షిణభారతీయులగు హిందువులను ప్రశ్నించి, తమవారి మంచిపనిని స్వభావమునకును, తమవారి చెడుపనిని పరిస్థితులకును ఆరోపించుట అధికమనియు, పరమతస్థుల విషయమున ఇది తలక్రిందగుననియు కనుగొనిరి. అనగా మద్దెలను నిందించువాడు ఒక్కడే కాడు. సంఘము సంఘమే నిందింపగలదు. 1984లో జోన్ మిల్లర్ అమెరికనులను మైసూరు వాసులతో పోల్చి, అమెరికనులు పెరిగి పెద్దవారగుకొలది వ్యక్తిగుణమును ఎక్కువగా కారణముగా చెప్పుదురనియు, మైసూరువారు పరిస్థితులను, సంబంధములను ఎక్కువగా చెప్పుదురనియు తేల్చిరి. పడవవానిని తలచు సంస్కారము మనకు పుట్టుకతో వచ్చినదని దీనివలన గర్వింపనక్కరలేదు; ఆ సంస్కారము గెలుపునాడు కూడ నిలుచుచున్నదా యనునదే ప్రశ్న.

3. ఏటి ఒడ్డున చెప్పిన కారణములు

సిరొంచ ప్రాణహితకు ఎడమగట్టున, ఆ నది గోదావరితో కలియు తావునకు సమీపమున నున్నది. సంగమమునకు ఆవల కాళేశ్వర క్షేత్రము. ఈవల సిరొంచ తాలూకాలో రేగుంట మొదలగు పల్లెలు. రేగు, కుంట అను తెలుగు మాటలను తలపించు ఆ పేరే అచ్చటివారి ఇంటిభాష నెరిగించుచున్నది. ఈ ప్రాంతము ఏలికలను పలుమారులు మార్చినది. 1860లో నిజాము గోదావరి ఎడమగట్టు తాలూకాలను ఆంగ్లేయులకు వదలగా, సిరొంచ ముఖ్యస్థానముగా ఎగువ గోదావరి జిల్లా ఏర్పడెను. 1874లో ఆ జిల్లా రద్దు కాగా సిరొంచ చాందా జిల్లాలో చేరెను. 1956లో బొంబాయి రాష్ట్రమునకును, 1960 మే 1న మహారాష్ట్రమునకును సంక్రమించి, 1982 ఆగస్టు 26న ఏర్పడిన గడ్చిరోలి జిల్లాలో భాగమైనది. ఇన్ని మార్పులలోను అచ్చటి తెలుగు నిలిచినది.

ఈ నదిపై రెండు గొప్ప ప్రయత్నములు జరిగినవి. రెంటిని గూర్చియు జనులు చెప్పిన కారణములు మన విషయమునకు ఉదాహరణములు.

మొదటిది పందొమ్మిదవ శతాబ్దిలోని నౌకామార్గము. 1852 నాటికి ధవళేశ్వరము ఆనకట్టను ముగించి డెల్టాను పండించిన సర్ ఆర్థర్ కాటన్, గోదావరిని ఎగువన కూడ పడవలకు అనువుగా జేసి, ప్రాణహిత, వార్ధా నదుల మీదుగా లోపలి దేశపు ప్రత్తిని సముద్రతీరమునకు చేర్చవచ్చునని వాదించెను. దారిలో మూడు రాతి అడ్డులు కలవు: దుమ్మగూడెము, ఇచ్చంపల్లి, ప్రాణహితపై దేవలమరి. వీనిని కాలువలతో దాటించుటకు హేగ్ అను ఇంజనీరు ఆధ్వర్యమున పని జరిగినది. 1861 మొదలు 1865 వరకు జరిగిన అమెరికా అంతర్యుద్ధము ప్రత్తికి గిరాకి పెంచగా ఆశలు హెచ్చినవి. తుద కా పని 1871లో మానివేయబడెను.

ఎందుకు విఫలమైనది? జలమార్గమును సమర్థించువారు రైలుమార్గములపై ప్రభుత్వమునకు గల పక్షపాతమే కారణమనిరి. ఎదిరిపక్షమువారు నదియే కారణమనిరి: వేసవిలో నీరు చాలదు, అడుగున రాయి, గట్టున జ్వరముల అడవి. ఇరువురికిని తమ పొరపాటు కారణముగా తోచలేదు. ఇచ్చట గాండీవ పరీక్ష చేయవలసియున్నది. నది ఒక్కటే, పనిలోని విద్యయు ఒక్కటే. ధవళేశ్వరమున ఫలించినది దేవలమరిలో ఏల ఫలింపలేదు? మారినవి మూడు. క్రింద మెత్తని ఒండ్రుభూమి, ఎగువన రాయి. క్రింద నీటికై కాచుకొనియున్న వేలాది రైతులు, ఎగువన పలుచని జనవాసము. క్రింద పోటీ లేదు. ఎగువన 1867లో రైలు నాగపురమునకు వచ్చి ప్రత్తిని పడమటికి మరల్చుకొన్నది. ఈ మూడింటిని చూచినచో ఎగువ ఓటమి మాత్రమే గాక దిగువ గెలుపు కూడ తేటపడును. ధవళేశ్వరపు ఘనతలో కాటను మహాశయుని ప్రతిభతోపాటు డెల్టా మట్టికిని, డెల్టా రైతునకును పాలున్నది. గెలుపునాడు ఆ పాలును లెక్కించియుండినచో, ఎగువకు పోవునాడు ‘ఆ మట్టి, ఆ రైతు అచ్చట కలరా?’ అను ప్రశ్న ముందుగనే పుట్టియుండును.

రెండవది మేడిగడ్డ బ్యారేజి. తెలంగాణమునందలి మేడిగడ్డకును, సిరొంచ తాలూకాలోని పోచంపల్లికిని నడుమ గోదావరిపై 85 గేట్లతో కట్టబడిన ఈ కట్ట 2019 జూన్ 21న ప్రారంభింపబడెను. ఆనాడు ప్రశంసలు మనుష్యులకు లభించినవి: సంకల్పము, వేగము, నేర్పు. 2023 అక్టోబరు 21న ఏడవ బ్లాకులోని స్తంభములు క్రుంగినవి. మరునాటినుండి కారణములు మారినవి. విద్రోహమేమో యను అనుమానము పోలీసు ఫిర్యాదుగా నమోదైనది. వరదను, ఇసుకను, ఎదిరి పక్షమును తలచినవారు కలరు. తరువాత జాతీయ ఆనకట్టల భద్రతా ప్రాధికార సంస్థ నియమించిన నిపుణులు ప్రణాళిక, రూపకల్పన, నాణ్యతా నియంత్రణ, నిర్వహణ అను నాలుగింటి లోపములు కలిసి ఈ హాని కలిగించినవని నివేదించిరి.

ఈ సమాధానము కర్ణుని చావు సామెతకు దగ్గరగా నున్నది. కారణ మొకటి కాదు, పెక్కులు. కాని భేద మొకటి గలదు. ఆ నాలుగును మనుష్యుల చేతిపనులే. కారణములు పెక్కు చెప్పుట తప్పు కాదు. ప్రతి కారణమునకును ఒక కర్త, ఒక దిద్దుబాటు కనబడినప్పుడు అది విచారణ యగును. ఏ ఒక్కదానికిని కర్త కనబడనప్పుడు అది సాకగును. 2019లో ఆ కట్ట నిలిచియున్నప్పుడు ‘దీనిని నిలిపినది నిర్వహణ’ యని పొగడినవా రున్నారా? పొగడ్తలో లేని నిర్వహణ వాడుకలోను లేకపోవుట ఆశ్చర్యము కాదు. నీరు వెడలిన పిదప కట్ట కట్టుటను గూర్చి సంజయుడు చెప్పిన మాట ఇచ్చట ఉపమానముగా గాక వాస్తవముగనే వినబడుచున్నది.

ఈ వాదముల నడుమ సిరొంచవైపు రైతుల మాట అణగిపోయినది. కట్ట వెనుక నీరు తమ పంటభూములపై బడుచున్నదని వారు మొరపెట్టుకొనిరి. పంట పోయిన ఏట ఆ రైతు వెనుకటి రైతే. చేయి అదే, నాగలి అదే, విత్తు అదే. మారినది నీరు. గాండీవ పరీక్షయందు అతడు నిర్దోషి. అట్టివానిని చూచి ‘రాత’ యనుట జాలి మాటవలె దోచును గాని, నష్టపరిహారము చెల్లింపవలసినవానిని తప్పించు మాట యగును.

4. బడిలోని పిల్లవాడు

నదికంటె ముఖ్యమైన విషయమింకొకటి కలదు. రేగుంట వంటి పల్లెలో పిల్లవానికి ఇంట తెలుగు, బడిలో మరాఠీ. తాలూకాలోని గోండు, మాడియా పిల్లలకు ఇంటిభాష వేరు, అంగడిభాష వేరు, బడిభాష వేరు. అట్టి పిల్లవాడు మొదటి తరగతులలో వెనుకబడినప్పుడు మూడు కారణములు వినబడును. బడిలో ‘బుద్ధి మందము’ అందురు. ఇంట ‘వీని రాత ఇంతే’ యందురు. పిల్లవాడు కొంతకాలమునకు ఈ రెండును నమ్మి, ‘నాకు చదువు రాదు’ అనుకొనును. మూడవదియైన ఈ మాట మొదటి రెంటికంటె ప్రమాదకరము.

కారల్ డ్వెక్ అను విదుషి 1975లో ఈ నిరాశనుగూర్చి పరిశోధించిరి. ఓటమిని శక్తిలేమికి ఆరోపించుకొని చేతులు వదలిన పిల్లలకు, అది ప్రయత్నము చాలకపోవుట వలన కలిగినదని నేర్పగా, వారు కష్టమైన లెక్కలయెదుట మరల నిలువగలిగిరి. సులభమైన లెక్కలనిచ్చి గెలిపించుటచేత మాత్ర మంతటి ఫలము కలుగలేదు. దీనినిబట్టి ‘ఇంకను కష్టపడుము’ అనుట మంచి ఉపదేశమని తోచును. అది కొంతవరకు సత్యము. కాని ఇచ్చట జాగ్రత్త వలయును. పిల్లవాడు కష్టపడకపోవుటయే కారణమైనచో ఆ మాట ఔషధము. భాష తెలియకపోవుట కారణమైనచో అది మరియొక నింద. కష్టపడియు అర్థముకాని పిల్లవానితో కష్టపడుమని చెప్పినచో, అతడు మిగిలిన ఒకే నిర్ణయమునకు వచ్చును: తనకు బుద్ధి లేదని.

కావున ముందుగా విల్లును పరీక్షింపవలెను. బడిలో నోరు మెదపని ఆ పిల్లవాడు ఇంట పశువుల లెక్క తప్పక చెప్పునా? తాత చెప్పిన కథను వరుస చెడక మరల చెప్పునా? అంగడిలో చిల్లర సరిగా తెచ్చునా? ఔనన్నచో బుద్ధి అదే, జ్ఞాపకము అదే, పిల్లవాడు అదే. మారినది భాష ఒక్కటే. అది పిల్లవాని దోషము కాదు. ఇంటివారి దోషమును కాదు. మరాఠీ భాష దోషము అంతకంటెను కాదు. ఇంటిభాషనుండి బడిభాషకు వంతెన లేకపోవుట దోషము. 1953లో యునెస్కో సంస్థ ప్రకటించిన నివేదిక మాతృభాషయందు చదువు మొదలిడుట మేలని చెప్పినది. 1956లో రాజ్యాంగమున చేర్చబడిన 350ఎ అధికరణము అల్పసంఖ్యాక భాషలవారి పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషాబోధన సౌకర్యములు కల్పింప యత్నించుట రాష్ట్రముల విధియని నిర్దేశించినది. కారణమును సరిగా పేర్కొన్నచో అడుగవలసిన దేమో, ఎవరి నడుగవలెనో తెలియును. ‘రాత’ యన్నచో అడుగుటకు ఎవరును లేరు.

అదే బడిలో నెగ్గినవాని విషయమునను ఈ పరీక్ష చేయవలెను. అతడు బుద్ధిమంతుడు కావచ్చును, కష్టపడియుండవచ్చును. కాని ఇంట మరాఠీ వచ్చిన అన్నయో అక్కయో ఉండెనా? తెలుగు తెలిసిన ఉపాధ్యాయు డొకడు మొదటి ఏడు చేయి పట్టి నడిపించెనా? ఉన్నయెడల ఆ పేరు చెప్పుట కృతజ్ఞత మాత్రమే కాదు; వెనుక వచ్చువారికి దారి చెప్పుట. ఓడ యున్నదని చెప్పక, ఈది వచ్చితినని చెప్పినవాని మాట నమ్మి ఏటిలో దిగిన పిల్లవాడు మునిగినచో, ఆ పాపములో చెప్పినవానికి భాగము లేకపోదు.

5. ఉపసంహారము

సంఘముల సంచికలలో విజయగాథలు విరివిగా వచ్చును. పల్లె విడిచి పట్టణము చేరి పైకి వచ్చినవారిని గూర్చి ‘స్వయంకృషి’ యను పదము తరచుగా కనబడును. కృషి సత్యమే. దానితోపాటు ఫీజు కట్టినవారు, అన్నము పెట్టినవారు, మొదటి అక్షరము దిద్దించినవారు కూడ సత్యమే. అపజయగాథలు మాత్రము సంచికలలో కానరావు. అవి ఇండ్లలో ‘వాని రాత’ యను రెండు మాటలతో ముగియును. ఈ రెండు అలవాట్లును ఒకే దోషముయొక్క రెండు ముఖములు. ఒకదానివలన సహాయము మరుగుపడును. రెండవదానివలన అన్యాయము మరుగుపడును.

ధృతరాష్ట్రుడు ఓటమినాడు మాత్రమే దైవమును తలచెను. ధర్మరాజు గెలుపునాడు దోషమును తనపై వేసికొనెను. అర్జునుడు ఓడిననాడు తన గెలుపునకు కారణమును తెలిసికొనెను. మువ్వురిలోను అనుసరింపదగినవాడు అర్జునుడు. ఏలయన అతడు తన్ను పొగడుకొనను లేదు, ఊరక నిందించుకొనను లేదు. మారినది ఏదియో చూచెను. గెలిచినప్పుడు దేనిని లెక్కింపలేదో దానిని ఓడినప్పుడు కారణముగా చెప్పబోవువాడు, మొదట తన గెలుపు లెక్కను దిద్దుకొనవలెను. అట్లు దిద్దుకొన్న సంఘమునకు రేగుంట బడిలోని పిల్లవాడు మందబుద్ధిగా కనబడడు. చేత గాండీవ ముండియు సారథి లేని అర్జునుడుగా కనబడును. సారథి నిచ్చుట సంఘము చేయదగిన పని.